పక్షవాతం తరువాత నడక – మనం చేయదగిన సాయం



కోసిగి మస్జిద్‌లో వజూ చేసి లోపలికి నడిచేవారి తడి అడుగులు బండల మీద కాసేపు నిలుస్తాయి. ఒక శుక్రవారం జుమాకు ముందు ఆ అడుగుల్లో ఒక జత వేరుగా ఉండటం మా సభ్యుల్లో ఒకరి కంటపడింది. కుడి పాదం ముద్ర మడమ నుంచి వేళ్ల దాకా నిండుగా ఉంది. ఎడమ పాదానికి మడమ ముద్రే లేదు. పాదం బయటి అంచు, దాని ముందు వేళ్లు ఈడ్చిన తడిగీత, అంతే. రెండు పాదాల మధ్య ఎడం కూడా ఒకసారి జానెడు, ఒకసారి మూరెడు.

ఆ అడుగులు మన జమాత్‌లోని ఒక పెద్దాయనవి. పరుపులు కుట్టే పని ఆయనది. ఏడాదిన్నర కిందట ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మంచం మీద ఉన్నన్నాళ్లు మన సంఘం నుంచి మందులకు, బియ్యానికి సాయం అందింది. ఆయన లేచి నాలుగడుగులు వేసిన రోజున అందరం అల్హందులిల్లాహ్ అనుకున్నాం. తరువాతి నెల సాయం పొందేవారి జాబితాలోంచి ఆయన పేరు తీసేశాం. నడుస్తున్నాడు కదా, బాగయ్యాడు అనుకున్నాం. ఆ తరువాత ఆయన రెండుసార్లు పడ్డాడనీ, చీకట్లో భయపడి ఫజర్ నమాజుకు రావడం మానేశాడనీ, మోకాలి నొప్పితో కుట్టుపనికి కూర్చోలేకపోతున్నాడనీ మాకు తెలియదు. ఎందుకంటే మేము అడగలేదు.

లేచి నడవడంతో పక్షవాత రోగి కష్టం తీరిపోదు. ఎలా నడుస్తున్నాడన్నదాన్ని బట్టే ఆయన మిగతా జీవితం ఉంటుంది. ఈ విషయాన్ని దాతలందరి ముందూ ఉంచాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఒక పక్కే ఎందుకు పడిపోతుంది?

మెదడులో ఒక రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా ఆ నాళం మీద ఆధారపడిన భాగం దెబ్బతింటుంది. దాన్నే పక్షవాతం అంటాం. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడేవారు ఫాలిజ్ అంటారు. మెదడు కుడి సగం శరీరంలో ఎడమ వైపునూ, ఎడమ సగం కుడి వైపునూ నడిపిస్తుంది. అందుకే దెబ్బ ఒక పక్క తగిలితే చెయ్యీ కాలూ ఇంకో పక్క పడిపోతాయి. లోపం కాలిలో లేదు, కాలికి ఆజ్ఞ పంపే చోట ఉంది. ఈ సంగతి ఇంటివారికి అర్థమైతే నూనెల మర్దన మీదా, పావురం రక్తం పూయడం మీదా డబ్బు, అంతకంటే విలువైన మొదటి నెలలు పోగొట్టుకోరు. కాలికి ఏం పూసినా మెదడులోని దెబ్బకు అందదు. మెదడుకు అందేది అభ్యాసం. దెబ్బ తినని భాగాలు, మళ్లీ మళ్లీ చేసిన పనిని కొత్తగా నేర్చుకోగలవు. ఈ నేర్పు మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో వేగంగా వస్తుంది. ఆ తరువాత నెమ్మదిస్తుందే గాని తలుపు మూసుకుపోదు.

అడుగు ఎక్కడ తప్పుతుంది?

ఆరోగ్యవంతుడు నడిచేటప్పుడు ప్రతి కాలూ సుమారు 60 శాతం సేపు నేల మీద, 40 శాతం సేపు గాలిలో ఉంటుంది. రెండు కాళ్ల వాటా సమానం. కళ్లు మూసుకుని వింటే చప్పుడు ఒకే తాళంలో వినిపిస్తుంది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషి నడకలో ఆ తాళం తప్పుతుంది. బలహీనమైన కాలి మీద బరువు మోపడానికి భయం, కాబట్టి దాని మీద తక్కువసేపు నిలిచి, గబుక్కున మంచి కాలి మీదికి మారతాడు.

ఇందులో మూడు లోపాలు కలిసి ఉంటాయి. మొదటిది, పాదం పైకి లేవదు. వేళ్లు నేలను రాసుకుంటాయి. ఆ కాలి చెప్పు ముందు భాగం త్వరగా అరిగిపోవడం దీనికి గుర్తు. రెండోది, మోకాలు వంగదు. కాలు కర్రలా బిగుసుకుంటుంది. దాన్ని ముందుకు తేవడానికి నడుము ఒక పక్కకు ఎత్తి, కాలిని బయటికి అర్ధచంద్రాకారంలో తిప్పుతాడు. మూడోది బయటికి కనిపించదు. నడకలో మనల్ని ముందుకు నెట్టేది వెనక కాలి పిక్క. బలహీనమైన పిక్క నెట్టలేదు.

ఈ మూడో లోపం వల్ల చాలామందిలో ఒక వింత కనిపిస్తుంది. పడిపోయిన కాలి అడుగే పొడవుగా, మంచి కాలి అడుగు పొట్టిగా పడుతుంది. బలహీనమైన కాలు ఒంటరిగా బరువు మోసేది మంచి కాలు గాలిలో ఉన్నప్పుడే. మోయలేక, నెట్టలేక, మంచి కాలిని తొందరగా దింపేస్తాడు. ఇంటివారు మాత్రం "పడిన కాలు బాగా ముందుకు వెయ్యి" అని అరుస్తుంటారు. అలాంటి మనిషికి చెప్పవలసింది దానికి తిరుగుడు: పడిన కాలి మీద ధైర్యంగా బరువు నిలిపి, మంచి కాలిని ఇంకొంచెం ముందుకు వెయ్యమని. అయితే అందరిలోనూ ఇలాగే ఉండదు. కొందరిలో పడిన కాలి అడుగే పొట్టిగా ఉంటుంది. ఎవరిది ఏ రకమో కొలిచి చూడాలి.

ఇంటి దగ్గర కొలిచే పద్ధతి

దీనికి యంత్రం అక్కరలేదు. వాకిట్లో చదునైన చోట సన్నని మన్ను పలచగా చల్లి, రోగిని తన అలవాటు ప్రకారం నడిపించండి. పక్కన, బలహీనమైన వైపున, ఒకరు తప్పక ఉండాలి. కుడి మడమ నుంచి ఎడమ మడమకు, ఎడమ మడమ నుంచి కుడి మడమకు దూరం టేపుతో కొలిచి రాసుకోండి. నెలకొకసారి ఇలా రాస్తే బాగవుతున్నదీ లేనిదీ కాగితమే చెబుతుంది.

రెండో కొలత వేగం. 10 మీటర్ల దూరానికి రెండు గీతలు గీసి, మొదటి గీతకు కాస్త వెనక నుంచి నడక మొదలుపెట్టించి, రెండో గీత దాటాక ఆపించండి. గీతల మధ్య పట్టిన సమయాన్ని సెల్‌ఫోన్‌లో చూడండి. 25 సెకన్లకు మించి పడితే ఆ నడక ఇంట్లో తిరగడానికే సరిపోతుంది. 12, 13 సెకన్లలోపు అయితే బజారుకూ మస్జిద్‌కూ ఒంటరిగా వెళ్లగలిగే స్థాయి. ఈ రెండింటి మధ్య ఉన్నవారు వీధిలోకి పోగలరు గాని తోడు, జాగ్రత్త కావాలి. ప్రపంచమంతటా ఫిజియోథెరపిస్టులు వాడే కొలత ఇదే.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఖరీదైన యంత్రం లేకపోతే నడక రాదని చాలామంది నిరాశపడతారు. రెండు పట్టాలు వేర్వేరు వేగాలతో తిరిగే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే పక్షవాత రోగుల అడుగుల్లో తేడా తగ్గుతుందని 2007లో అమెరికా పరిశోధకులు చూపించారు. ఆ మార్పు కొద్దిసేపే నిలిచింది. అయినా, దెబ్బ తిన్న మెదడు కూడా సమంగా నడవడం నేర్చుకోగలదని దానివల్ల తేలింది.

పేదలకు ఇంకా ఊరటనిచ్చే ఫలితం 2011లో వచ్చింది. అమెరికాలోనే 408 మందిని తీసుకుని, కొందరికి బరువును పైనుంచి మోసే పట్టీలతో ట్రెడ్‌మిల్ నడక, కొందరికి ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి చేయించే బలం, నిలకడ వ్యాయామాలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి రెండు రకాల వారూ ఇంచుమించు సమానంగా కోలుకున్నారు. సగానికి పైగా మంది నడక మెరుగుపడింది. ఆరు నెలలు ఆగి ట్రెడ్‌మిల్ శిక్షణ మొదలుపెట్టినవారూ బాగుపడ్డారు. యంత్రం గెలవలేదు. కాని అక్కడ ఇంటికి వచ్చింది శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు. మూడు నాలుగు నెలల్లో 36 సార్లు, ఒక్కోసారి గంటన్నర చొప్పున చేయించారు. ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

మరి ఫిజియోథెరపిస్టు లేకుండా ఇంటివారికే నేర్పి వదిలేస్తే? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులతో ఈ ప్రశ్నను పరీక్షించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. ఇంటివారికి శిక్షణ ఇచ్చిన గుంపులోనూ, మామూలు వైద్యం అందిన గుంపులోనూ ఆరు నెలల తరువాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిసి 47 శాతమే. తేడా లేదు. ఇంటివారి ప్రేమ తక్కువని దీని అర్థం కాదు. ఒకసారి నేర్పి చేతులు దులుపుకుంటే చాలదని మేము గ్రహించాం. ఏ కాలి మీద బరువు నిలపాలో, వ్యాయామాన్ని ఎప్పుడు పెంచాలో చూసి దిద్దే మనిషి మళ్లీ మళ్లీ రావాలి.

ఇంకొక హెచ్చరిక. త్వరగా లేపితే త్వరగా నడుస్తారని మొదటి 24 గంటల్లోనే పదేపదే నిలబెట్టి నడిపించడం మేలు చేయలేదని, పైగా ఫలితం తగ్గిందని 2015లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. మొదటి రోజుల్లో ఎప్పుడు లేపాలో, ఎంతసేపు కూర్చోబెట్టాలో డాక్టరు చెప్పినట్టే చేయాలి.

మేము చేసిన పొరపాట్లు

దాతల సొమ్ముతో పని చేసేవాళ్లం కాబట్టి మా తప్పులు చెప్పుకోవడం మా బాధ్యత. పైన చెప్పిన పెద్దాయనకు మేము ఒక చేతికర్ర ఇచ్చాం. ఎత్తు చూడలేదు. అది పొడవైంది. భుజం పైకి ఎగదన్నుకుని, ఒళ్లంతా మంచి వైపుకు ఒరిగి నడిచాడు. మేము ఇచ్చిన కర్రే ఆయన తేడాను పెంచింది. నిటారుగా నిలబడి చెయ్యి కిందికి వదిలినప్పుడు కర్ర పిడి మణికట్టు దగ్గరికి రావాలి. పట్టుకుంటే మోచెయ్యి కాస్త వంగాలి. కర్ర మంచి చేతిలోనే ఉండాలి.

ఇంకొకరికి చక్రాల కుర్చీ ఇచ్చి ఫోటో తీయించుకున్నాం. ఆమెకు అప్పటికి పట్టుకుంటే నిలబడే శక్తి ఉంది. కుర్చీ వచ్చాక ఇంటివారు నిలబెట్టడం మానేశారు. కుర్చీ అవసరమైనవారు తప్పక ఉన్నారు, వారికి ఇవ్వాల్సిందే. కాని లేచే అవకాశం ఉన్న మనిషిని కూర్చోబెట్టే దానం ఆలోచించి చేయాలి.

పాదం వేలాడేవారికి మడమను, పాదాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. కొలత తీసి చేయించినది మంచి ఫలితం ఇస్తుంది. ఒకరిది ఇంకొకరికి వేస్తే పుండు పడుతుంది. షుగరు ఉన్నవారిలో ఆ పుండు పెద్ద ప్రమాదం. రోజూ తీసి చర్మం చూడాలి. మనవాళ్లు ఇంట్లో, మస్జిద్‌లో చెప్పులు విడుస్తారు. పట్టీతో ఉత్త కాలితో నునుపు బండల మీద నడిస్తే జారుతుంది. అలాంటివారికి లోపల మాత్రమే వాడే శుభ్రమైన బూట్ల జత వేరుగా ఉంచాలి.

ఇంట్లో, మస్జిద్‌లో పాటించవలసినవి

తోడు నడిచేవారు బలహీనమైన పక్కన ఉండాలి. పడిన చెయ్యి పట్టి లాగకూడదు. భుజం కీలు వదులై ఉంటుంది, జారిపోతుంది. నడుముకు కట్టిన వెడల్పాటి గుడ్డను పట్టుకుంటే ఇద్దరికీ క్షేమం. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిన కాలు ముందు. హవాయి చెప్పులు వద్దు, మడమ వెనక బెల్టు ఉన్నవి వాడాలి. గడప దగ్గరా, మరుగుదొడ్డి దారిలోనూ రాత్రి దీపం ఉండాలి.

కుర్చీలోంచి చేతి ఊత తగ్గించుకుంటూ లేచి కూర్చోవడం, బల్ల పట్టుకుని బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చడం, పడిన కాలి మీద బరువు ఉంచి మంచి కాలిని చిన్న ఇటుక ఎత్తు మీద పెట్టి తీయడం మంచి వ్యాయామాలు. ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి అన్నది ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి.

నమాజు విషయంలో రోగులు మొహమాటపడుతున్నారు. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని నమాజు చేసుకునే సౌలభ్యాన్ని మన ధర్మం ఇచ్చింది. సఫ్‌లో కుర్చీ వేసుకోవడం చిన్నతనం కాదు. సజ్దాకు వంగి లేవలేక పడిపోయి తుంటి విరగ్గొట్టుకోవడం ఎవరికీ మంచిది కాదు. వజూ కూర్చునే చేయాలి. రోజాల విషయంలో, బీపీ మాత్రల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు మార్చవచ్చో లేదో రంజాన్‌కు ముందే డాక్టరును అడగాలి. సొంతంగా మాత్ర మానకూడదు.

నడక వచ్చిందని బీపీ మాత్రలు ఆపేసినవారు మన చుట్టూ ఉన్నారు. రెండోసారి పక్షవాతం వస్తే ఇంతకాలం కూడబెట్టిన నడక ఒక్క పూటలో పోవచ్చు. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి, బీడీ మానాలి. మూతి వంకరపోయినా, ఎత్తిన చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా ఆ క్షణమే 108కి ఫోన్ చేయాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వదగినవారికి అది నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అంతకు ముందే స్కానింగు జరగాలి. కోసిగి నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దారిలో పట్టే సమయం కూడా ఆ గంటల్లోంచే పోతుంది. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

సుగ్గి నెలలు

మన ప్రాంతపు కష్టం ఒకటి ఏ వైద్య పుస్తకంలోనూ ఉండదు. వానలు తప్పి పంట చేతికి రాని ఏడు, పత్తి, మిరప కోతలకు కుటుంబాలకు కుటుంబాలే మూటలు కట్టుకుని గుంటూరు వైపు సుగ్గికి పోతాయి. ఇంట్లో ముసలివాళ్లు, రోగులు మిగులుతారు. నవంబరులో రోజూ కోడలి భుజం పట్టుకుని వీధి చివరి దాకా నడిచిన మనిషి, జనవరిలో అరుగు మీదే కూర్చుని ఉంటాడు. మార్చిలో వాళ్లు తిరిగి వచ్చేసరికి కాలు బిగుసుకుపోతుంది, ధైర్యం పోతుంది. దీనికి కోడలిని తప్పు పట్టలేం. ఆమె కూలికి పోకపోతే ఆయన మాత్రలు ఎవరు కొంటారు? ఆ నెలల్లో ఆ భుజం మనది కావాలి.

దాతలకు మా విన్నపం

అందుకే రాబోయే ఏడాదికి మన సంఘం పని తీరు మార్చాలనుకుంటున్నాం. లేచి నడిచినంత మాత్రాన ఎవరి పేరూ జాబితాలోంచి తీయము. ఏడాది పాటు నెలకొకసారి పైన చెప్పిన రెండు కొలతలూ తీసి రాస్తాం. ఫిజియోథెరపిస్టు వంతుల ప్రకారం ఊరికి వచ్చి రోగులను చూసి దిద్దే ఏర్పాటు చేయాలి. ఆయన చెప్పినదాన్ని మధ్య రోజుల్లో చేయించడానికి వీధికి ఇద్దరు యువకులు, స్త్రీ రోగుల కోసం ఇద్దరు సోదరీమణులు కావాలి. సుగ్గి నెలల్లో వీరి అవసరం రెట్టింపు. ఒక్కొక్కరి నుంచి రోజుకు అరగంట అడుగుతున్నాం.

వజూఖానా దగ్గరా, మస్జిద్ మెట్లకూ రెండు వైపులా ఇనుప పైపు పట్టుకొమ్మ వేయించాలి. ఒక వైపు వేస్తే చాలదా అని కొందరు అడిగారు. ఎడమ చెయ్యి పడిపోయినవాడు కుడి చేత్తోనే పట్టుకోగలడు. ఎక్కేటప్పుడు కుడి పక్కన ఉన్న పైపు దిగేటప్పుడు ఎడమ పక్కకు వస్తుంది. ఒకే పైపు ఉంటే ఎక్కిన మనిషి దిగలేడు.

ఏ నిధి దేనికన్నది కూడా స్పష్టంగా ఉండాలి. కొలత తీసి చేయించే పట్టీ, కర్ర, మందులు వంటివి అర్హులైన పేద రోగి చేతికే సొంతంగా అందేవి కాబట్టి జకాత్ నుంచి ఇస్తాం. మస్జిద్ పైపులు, ఫిజియోథెరపిస్టు రాకపోకల ఖర్చు సదఖా నిధి నుంచే పెడతాం. సందేహం ఉన్నచోట ఉలమాలను అడిగే ఖర్చు చేస్తాం. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం శిబిరానికి తీసుకుపోవడం, పింఛను కాగితాలు నింపడం డబ్బు ఖర్చు లేని సేవ. చదువుకున్న పిల్లలు ముందుకు రావాలి.

ఆ పెద్దాయన పేరు మళ్లీ జాబితాలో చేర్చాం. కర్రను కొలతకు కోయించాం. మూడు నెలలుగా మన యువకులు ఇద్దరు వంతులవారీగా ఆయన పక్కన నడుస్తున్నారు. మొదట 10 మీటర్లకు 31 సెకన్లు పట్టింది. ఇప్పుడు 22 పడుతోంది. ఎడమ పాదం ఇంకా పూర్తిగా ఆనడం లేదు. మళ్లీ పరుపులు కుట్టగలడో లేదో చెప్పలేం. కాని పోయిన వారం నుంచి ఒకరి తోడుతో ఫజర్‌కు వస్తున్నాడు.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థత ప్రసాదించుగాక. వారి పక్కన నడిచే ఓపికను మనకు ఇచ్చుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.